జానెడు వైరు

మా ఉధ్నా మిల్లుల పేటలో మగ్గాలు బందైతే నాకు నిద్ర పట్టదు. కొత్తగా వచ్చినోళ్లకు ఆ చప్పుడుకు నిద్ర రాదు, ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు అది లేకపోతే రాదు. ఏడాది పొడుగునా గోడ అవతల టకటక కొట్టుకునే మగ్గాలు దీపావళి సెలవులకు ఒక్కసారిగా ఆగిపోతయి. మగ్గాలు నడిపే కారీగర్లంతా మూటలు కట్టుకొని రైలెక్కుతరు. గల్లీలో కుక్క ఒళ్లు దులుపుకున్నా వినపడతది. మిల్లు నడుస్తుంటే ఏ సేఠూ కరెంటు తీయనియ్యడు కాబట్టి, ఆ సెలవుల్లోనే నాకు పని ఎక్కువ.

నా పని మిల్లుల్లో రిలేలు చూసుడు. ఆ మాట అంటే చాలు, "మా ఇంట్లో ఫ్యాను తిరుగుతలేదు, జర చూస్తవా ప్రసన్నా" అని అడుగుతరు. కాదు తల్లీ, నేను ఫ్యాన్లు చూడ అని చెప్పీ చెప్పీ నోరు నొస్తున్నది. రిలే అంటే పెద్ద కరెంటు ప్యానెల్ ముఖం మీద ఉండే చిన్న డబ్బా. లోపల పోయే కరెంటును కాపలా కాస్తది. ఎక్కడన్నా తేడా వచ్చిందా, రెప్పపాటులో బ్రేకర్‌ను పడగొట్టి లైను తెంపేస్తది. మిల్లులో ఉన్న రిలేలన్నింటి పక్క నుంచి ఒకటే సన్నటి వైరు పోతది. దాని చివర ఆఫీసులో కంప్యూటర్ ఉంటది. కంప్యూటర్ నంబరు పెట్టి పిలుస్తది. మూడును పిలిస్తే మూడే పలకాలె, మిగిలినయన్నీ నోరు మూసుకోవాలె. అడగకుండ ఏదీ మాట్లాడొద్దు. ఆ వైరు మీద ఇదే కాయిదా. "నీకూ ఆ కాయిదా పెడితే ఇల్లు ఎంత నిమ్మలంగ ఉంటుండె" అని మా ఆయన మహేశ్ నన్ను ఆటపట్టిస్తుంటడు. నాకు నోరు ఎక్కువని మా వాడకట్టంతా అంటది. ఉన్నది ఉన్నట్టు అంటే నోరు ఎక్కువా?

ఆ సన్నటి వైరు మీది నుంచే, ఆఫీసులో కూసొని, బ్రేకర్‌ను వెయ్యొచ్చు కూడా. ఒక్క నొక్కుడు చాలు. ప్యానెల్ లోపల మనిషి చెయ్యి పెట్టి ఉన్నడా లేడా అనేది కంప్యూటర్‌కు తెల్వదు.

అందుకే సోమలింగం మామ ఒక పద్ధతి పెట్టుకున్నడు. ఆయన మా అమ్మ వాళ్ల ఊరాయన, వరసకు నాకు మేనమామ. వయసులో ఉన్నప్పుడు మగ్గం నడిపిండు. మగ్గంలో చెయ్యి పెట్టేటోడు ముందు మోటారు బెల్టు తీసి మెడల ఏసుకుంటడు. బెల్టు నా మెడల ఉంటే ఇంకొకడు బటన్ ఎంత నొక్కినా మగ్గం తిరగదు. తరువాత ఎలక్ట్రీషియన్ అయినా ఆ అలవాటు పోలే. ఆ సన్నటి వైరునే మేము పెద్ద వైరు అంటం, దాని నుంచి ఒక్కో రిలేకు జానెడు పొడుగు వైరు ముక్క ఉంటది, రెండు చివరలా ఆకుపచ్చ ప్లగ్గులు. మామ ప్యానెల్లో దూరే ముందు ఆ జానెడు వైరు పీకి, చుట్ట చుట్టి, చొక్కా జేబుల పెట్టుకునేటోడు. తన వైరు వేరేటోళ్ల దాంట్ల కలవకుండ దానికి జరీ దారం కట్టిండు. మగ్గం మీద తెగిన పోగును అతికేటోళ్లు వేసే ముడి అది, చిన్నగ, నున్నగ ఉంటది.

నాకు పని నేర్పింది కూడా ఆయనే. "కోడలా, వైరు నీ జేబుల ఉన్నంతసేపు నీ పానం నీ జేబుల ఉన్నట్టే" అనేటోడు. ఎప్పుడూ అరచేతుల మధ్య ప్లాస్టిక్ కాగితంలో మావా, అంటే వక్క తంబాకు, నలుపుతుండేటోడు. సర్ సర్ సర్ అని ఆ చప్పుడు వినపడితే మామ వస్తున్నడని తెలిసిపోయేది. తంబాకు, సున్నం కలిసిన ఆ వాసన ఆయన కంటే ముందు వచ్చేది.

రెండేళ్ల కింద, ఉన్ అనే ఊరి దగ్గరి ఒక రంగుల మిల్లులో, ఏడో నంబరు ప్యానెల్లో మామ కాలిపోయిండు.

మిల్లోళ్లు ఏమన్నరు? వైరు తీసుడు మరిచిపోయిండట. వైరు దాని జాగల అట్లనే ఉన్నదట. ఆ మిల్లులో ఎలక్ట్రికల్ ఇన్‌ఛార్జి కమలాకర్. మన తెలుగాయనే, కరీంనగర్ దిక్కు. శవం ఇంకా ఇంట్లో ఉండంగనే, పది మందిలో, "తాగి వచ్చిండో ఏమో పాపం" అన్నడు. మామ జీవితంలో చుక్క ముట్టలే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నా నోటికి అప్పుడు ఏడుపు తప్ప ఏం రాలే.

తరువాత ఎల్లవ్వ అత్త, అంటే మామ భార్య, నన్ను ఉన్‌లో ఉన్న తన అర్రకు పిలిపించింది. దేవుని పటం కింద నుంచి స్టీలు డబ్బా తీసింది. ఆస్పత్రోళ్లు ఇచ్చిన బట్టలల్ల, కాలిన చొక్కా జేబుల దొరికిందట. జానెడు వైరు. రెండు ఆకుపచ్చ ప్లగ్గులు, నడుమ జరీ ముడి. చొక్కా అంత కాలినా దానికి ఏం కాలే.

"మరిచిపోయినోడు గిది జేబుల ఎట్ల పెట్టుకుంటడు బిడ్డా?" అన్నది అత్త. "నాకు ఇంకేం వద్దు. మా ఆయన మరువలేదని, గా పని చేసినోని నోటితోనే ఒక్కసారి చెప్పియ్యి. అంతే."

చెప్పిస్త అని ఒట్టు పెట్టిన.

ఆ రెండేళ్లూ నేను పెట్టని శాపనార్థం లేదు. ఎవడో ఇంకో వైరు తెచ్చి గుచ్చిండు, ఎవడో నొక్కిండు. "వాని చెయ్యి పడిపోను, వాడు మామ లెక్కనే కాలిపోను" అని మహేశ్‌కు అన్నం వడ్డించుకుంటనే తిట్టేదాన్ని. మహేశ్ తల వంచుకొని తినేటోడు. ఆయన కూడా ఆ మిల్లులోనే పని చేసిండు, ఆఫీసులో కంప్యూటర్ ముందు. మామ పోయిన తరువాత ఆ జాగ మంచిగ లేదని మానేసి సచిన్ అనే ఊర్ల వేరే మిల్లుకు మారిండు. మెత్తటి మనిషి. ఒకటే ఒక పిచ్చి. కాలింగ్ బెల్ మోచేత్తో నొక్కుతడు, ఇంట్ల స్విచ్చులూ అంతే. కరోనా కాలంల పట్టుకున్న అలవాటు ఇంకా పోలేదని నవ్వేదాన్ని.

ఈ దీపావళి సెలవుల్లో కమలాకర్ నాకు ఫోన్ చేసిండు. ఏడో నంబరు ప్యానెల్ రెండేళ్ల నుంచి పాడుబడి ఉన్నది, పండుగ తరువాత కొత్త మిషన్ వస్తున్నది, కొత్త రిలే పెట్టి కంప్యూటర్‌కు కలిపియ్యాలె అన్నడు.

"పోకు" అన్నడు మహేశ్.

"ఎందుకు?"

"ఊకెనే… ఆ మిల్లు వద్దు ప్రసన్నా."

"రెండేళ్ల నుంచి ఇదే ఎదురుచూస్తున్న. వాడు నాతోని ఒంటిగ దొరుకుతడు. చెప్పించకుండ విడుస్తనా?"

మహేశ్ లేచి పోయి చేతులు కడుక్కున్నడు.

*

నేను మిల్లుకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. గేటు కాడ వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. రంగుల డ్రమ్ముల వాసన, వెనక ఖాడీ కాలువ నుంచి కుళ్లిన నీళ్ల వాసన. ఎప్పుడూ పొగలు కక్కే చిమ్నీ ఉత్తగ నిలబడి ఉన్నది.

ప్యానెల్ గదికి కిటికీలు లేవు. పగలైనా రాత్రే అక్కడ. బ్యాటరీ మీద వెలిగే ఒక్క బల్బు పసుపుపచ్చగ ఉన్నది. వరుసగ బీరువాల లెక్క ప్యానెళ్లు. ఒక్కోదాని ముఖం మీద రిలే, దాంట్ల చిన్న లైటు. ఏడో నంబరుకు మాత్రం ముఖం లేదు. రిలే తీసేసిన బొక్కకు రేకు బిగించిండ్రు. దాని పక్కన గోడకు నల్లటి మరక ఇంకా ఉన్నది. సున్నం కొట్టిండ్రు కానీ లోపల నుంచి పైకి తేలింది.

"రామ్మా ప్రసన్నా, తొందరగా కానిద్దాం. పండక్కి మా పిల్లలు ఎదురుచూస్తున్నరు" అన్నడు కమలాకర్. లావయ్యిండు. వేళ్లకు మూడు ఉంగరాలు.

కొత్త రిలే అట్టపెట్టెలోనే, బల్ల మీద ఉన్నది. ఆయన ఏడో ప్యానెల్ వెనక తలుపు తీసి కేబుల్ బిగిస్తనన్నడు. ముందు దిక్కు బ్రేకర్ ఉన్నది. మామ పోయిన రోజు నుంచి అది లోపల ఇరుక్కపోయింది, బయటికి రాదు. బ్రేకర్ పడి ఉన్నంతసేపు వెనక కేబుల్లో కరెంటు ఉండదు. వేస్తేనే ప్రమాదం.

"సార్, కేబుల్‌ను ముందు ఎర్తుకు కట్టుండ్రి" అన్న.

"చిన్న పనికి అదంతా ఎందుకమ్మా? రిలేనే లేదు, ఎవరు వేస్తరు దాన్ని?"

నేను ఇంకోసారి చెప్పలే. వేరే మనిషైతే మెడ పట్టి కట్టించేదాన్ని.

ఆయన వెనక్కి పోయిండు. స్పానర్ చప్పుడు మొదలైంది. నేను బల్ల కాడ కూసొని నా ల్యాప్‌టాప్‌ను పెద్ద వైరుకు తగిలించిన. వరుసగ నంబర్లు పిలిచిన. ఒకటి పలికింది. రెండు పలికింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు.

ఏడు పలికింది.

కొత్త రిలే దిక్కు చూసిన. అట్టపెట్టె మీద టేపు కూడా ఊడలే.

సరే, ఇది మాకు కొత్త కాదు. ఎవడో తలకాయ లేనోడు రెండు రిలేలకు ఒకటే నంబరు పెడితే ఇట్లనే అయితది. ఒక్కో రిలే కాడికి పోయి జానెడు వైరు పీకుకుంట వచ్చిన. ఏది పీకినప్పుడు ఏడు ఆగిపోతే అదే దొంగ. ఒకటోది పీకిన. రెండోది పీకిన. బల్ల మీద వైరు ముక్కలు వరుసగ పేర్చిన. ఆఖరుది కూడా పీకిన.

పెద్ద వైరుకు ఇప్పుడు ఏదీ తగిలి లేదు. ఉత్త రాగి తీగలు.

ఏడును పిలిచిన.

పలికింది.

బ్రేకర్ ఎట్లున్నది అని అడిగిన. పడి ఉన్నదని జవాబు వచ్చింది. కరెంటు ఎంత? సున్న. మళ్లీ అడిగిన. సున్న. నా కంప్యూటరే పాత జవాబు చూపిస్తున్నదేమో అని మనసుకు చెప్పుకొని, ల్యాప్‌టాప్ వైరును కూడా పెద్ద వైరు నుంచి పీకేసిన. పీకి చేతుల పట్టుకున్న. ఇగ దేనికీ దేనితోని సంబంధం లేదు. నేను ఏదీ పిలవలే. ఏ మీటా ముట్టలే.

స్క్రీన్ మీద ఒక వరుస వచ్చింది.

ఏడు. బ్రేకర్ పడి ఉన్నది.

నేను అడగలే… అడగకుండ ఏదీ మాట్లాడొద్దు… అది మాట్లాడింది.

ఏడు. బ్రేకర్ పడి ఉన్నది.

ఏడు. స్ప్రింగు నిండుతున్నది.

అప్పుడే ఏడో ప్యానెల్ కడుపులో నుంచి గర్ర్‌ర్ర్ అని మోటారు తిరిగింది. బ్రేకర్ పడాలన్నా లేవాలన్నా ముందు దాని స్ప్రింగు బిగియ్యాలె, ఆ మోటారు అది. దాని ఫ్యూజు నేనే తీసి పక్కకు పెట్టిన. ఫ్యూజు నా కండ్ల ముందే బల్ల మీద ఉన్నది.

వెనక స్పానర్ చప్పుడు ఆగింది.

"ఎవరమ్మా అది?" అన్నడు కమలాకర్.

"ఏది సార్?"

"ఎవరో… మావా నలుపుతున్నరు."

నాకూ వినపడ్డది. సర్… సర్… సర్. ఎక్కడి నుంచో కాదు, రేకు వెనక నుంచి. తంబాకు, సున్నం వాసన. దాని కింద ఇంకో వాసన… కాలిన వెంట్రుకల వాసన.

టార్చ్ పట్టుకొని వెనక్కి ఉరికిన. కమలాకర్ భుజం దాకా ప్యానెల్లో ఉన్నడు. ముఖమంతా చెమట.

"బయటికి రాండ్రి సార్!"

"చెయ్యి రాదు… చెయ్యి పట్టుకున్నరు…"

"ఎవరు?"

"లాగమ్మా! లాగు!"

ఆయన నడుము బెల్టు పట్టుకొని రెండు చేతులతో గుంజిన. మనిషి ఇంచు కూడా కదలలే. నాకు భయం లేదని కాదు. కానీ ఆ భయం కింద రెండేళ్ల కోపం అట్లనే ఉన్నది. అది నా నోట్లకు వచ్చింది.

"ఆ రోజు వైరు ఎవరు పెట్టిండ్రు సార్?"

"ముందు లాగు…"

"ఎవరు పెట్టిండ్రు?"

మోటారు గర్ర్‌ర్ర్‌మన్నది. సర్ సర్ సర్… ఆయన చెవి పక్కనే.

"నేనే!" అని అరిచిండు. "నేనే పెట్టిన! సోమలింగం వైరు తీసి జేబుల పెట్టుకున్నడు. వైరు లేక స్క్రీన్ మీద ఏడు ఎర్రగ ఉన్నదని సేఠ్ నన్ను తిట్టిండు. ఇంకో ముక్క తెచ్చి గుచ్చిన… లోపల ఉన్నడని తెల్వదు…"

చెయ్యిని ఏదో ఇంకింత లోపలికి గుంజింది. చెంప ప్యానెల్ రేకుకు ఆనింది.

"తెలుసు! తెలుసు! బయటికొస్తడనుకున్న… మరిచింది ఆయన కాదు. నేను అబద్ధం చెప్పిన. సోమలింగం, నా పిల్లల మీద ఒట్టు, అబద్ధం చెప్పిన…"

అత్త అడిగిన మాట. అదే నోటితోని. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మోటారు ఆగిపోయింది. మావా నలిపే చప్పుడు కూడా ఆగింది. ఇగ విడిచిపెడతడనుకున్న. కమలాకర్ కూడా అట్లనే అనుకున్నట్టున్నడు, ఊపిరి పీల్చుకొని నా దిక్కు తల తిప్పిండు.

"కానీ నొక్కింది నేను కాదు" అన్నడు. "అది కూడా చెప్పు ఆయనకు. నేను ఫోన్‌ల చెప్పిన, అంతే. నొక్కింది మీ ఆయన. మహేశ్."

నా చేతులు బెల్టును వదిలినయి. నేను వదిలిన్నో, అవే వదిలినయో, ఈ రోజుకూ చెప్పలేను.

టక్.

అంతే. తరువాత తెల్లటి వెలుగు ఒక్కటే గుర్తున్నది.

*

వాచ్‌మన్ నన్ను బయటికి గుంజుకొచ్చిండు. నాకు కనుబొమ్మలు మాడినయి, ఇంకేం కాలే. కమలాకర్ ఆస్పత్రి దాకా బతకలే. పోలీసులు, కరెంటోళ్లు వచ్చి చూసిండ్రు. బల్ల మీద వైరు ముక్కలన్నీ పీకి పెట్టి ఉన్నయి, ఫ్యూజు తీసి ఉన్నది. పాత బ్రేకర్, స్ప్రింగు దానంతటదే విడిచింది అని తేల్చి పోయిండ్రు.

ఇంటికొచ్చి బెల్లు కొట్టిన. మహేశ్ తలుపు తీసిండు. నా ముఖం చూసి అర్థం చేసుకున్నడు.

"నొక్కింది నువ్వేనా?"

కుడి చూపుడు వేలును ఎడమ పిడికిట్ల దాచుకున్నడు, చిన్న పిల్లగాని లెక్క. "స్క్రీన్ మీద ఏడు పచ్చగ అయ్యింది ప్రసన్నా. పచ్చగుంటే వైరు పెట్టేసి బయటికొచ్చినట్టే కదా. కమలాకర్ ఫోన్ చేసి కొట్టు అన్నడు, కొట్టిన. మామ లోపల ఉన్నడని నాకు తెల్వదు. తెలిస్తే నా వేలు నరుక్కుందు…"

"రెండేళ్లు నా ముందు కూసొని అన్నం తిన్నవ్. నేను తిడుతుంటే…"

"నువ్వు తిట్టే ప్రతి తిట్టూ నాకే అని తెలుసు."

తలుపుకు ఆనుకొని కూలబడ్డ. నా చేతులతోనే వడ్డించిన అన్నం, నా నోటితోనే పెట్టిన శాపాలు. కాలిపోను అన్న కదా. ఆ మాట ఎట్ల వెనక్కి తీసుకోవాలె ఇప్పుడు?

తెల్లారి ఎల్లవ్వ అత్త దగ్గరికి పోయిన. ఆమె గడపలోనే కూసున్నది. నేను నోరు తెరవక ముందే స్టీలు డబ్బా నా ముందు పెట్టింది.

"నిన్న పొద్దుగూకినంక డబ్బా వేడెక్కింది బిడ్డా. చెయ్యి పెడితే కాలింది."

మూత తీసిన. జానెడు వైరు అట్లనే ఉన్నది. కానీ ఒక చివర ప్లగ్గు కరిగి నల్లగ అయ్యింది. జరీ ముడికి మాత్రం ఏం కాలే.

"కమలాకర్ చెప్పిండు అత్తా. మామ మరువలే. వేరే వైరు ఆయనే పెట్టిండు. నా చెవులతో విన్న."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఏడ్చింది. తరువాత కండ్లు తుడుచుకొని అడిగింది. "మరి నొక్కినోడు?"

ఉన్నది ఉన్నట్టు మాట్లాడతానని పేరు నాకు. నోరు ఎక్కువని పేరు.

"అదీ కమలాకరే అత్తా" అన్న. "రెండూ ఆయనే."

డబ్బాలో వైరు చిన్నగ కదిలినట్టు అనిపించింది. నా చెయ్యి వణికి ఉంటది.

"మా ఆయన ఇగ నిమ్మలంగ పోతడు" అన్నది అత్త. "నాకెందుకు బిడ్డా ఇది, చూస్తే ఏడుపొస్తది. అడిగిన పని చేసినవ్, నువ్వే పెట్టుకో. నీ పనిల నీకు కాపలా ఉంటది."

నేను అడగకుండనే ఇచ్చింది. ఇంటికి తెచ్చి, మహేశ్ పని చొక్కా జేబుల పెట్టి, నాలుగు దిక్కులా దగ్గర దగ్గర కుట్లు వేసి కుట్టేసిన. వైరు నీ జేబుల ఉన్నంతసేపు నీ పానం నీ జేబుల ఉన్నట్టే. మామ చెప్పిన మాటే కదా, మామైనా కాదంటడా? మహేశ్ అదే చొక్కా రోజూ ఉతుక్కొని వేసుకున్నడు. సాయంత్రం రాంగనే నేను జేబు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. గట్టిగ తగిలేది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడేది కాదు.

సెలవులు అయిపోయినయి. కారీగర్లు తిరిగొచ్చిండ్రు, మగ్గాలు మొదలైనయి. గోడ అవతల మళ్లీ టకటక. నాకూ నిద్ర పట్టుడు మొదలైంది.

నిన్న సాయంత్రం మహేశ్ పని నుంచి వచ్చి, చొక్కా మేకుకు తగిలేసి, మంచం మీద ఒరిగిండు. నేను పప్పుకు తాలింపు వేసి, చేతులు తుడుచుకుంట వచ్చి జేబు ఒత్తి చూసిన.

మెత్తగ తగిలింది.

కుట్లు చూసిన. ఒక్కటీ తెగలే. నేను వేసిన ముడులు నేను వేసినట్టే ఉన్నయి. బ్లేడు తెచ్చి కుట్లు కోసిన, తొందరల వేలు కూడా తెగింది. జేబు విప్పిన. వైరు లేదు. అడుగున చిటికెడు మావా ఉన్నది. సున్నం ఇంకా తడిగనే ఉన్నది.

గోడ అవతల మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయినయి. మా ఇంట్ల లైటు పోయింది. గల్లీ అంత చీకటి. ఎవరో పిల్లలు "లైట్ గయీ" అని అరిచిండ్రు, తరువాత వాళ్లూ ఊకున్నరు.

ఆ నిశ్శబ్దంలో తలుపు బయట… సర్… సర్… సర్.

"మహేశ్" అన్న.

కాలింగ్ బెల్ మోగింది. మహేశ్ మోచేత్తో కొట్టే తీరు వేరు, ఠక్కున మోగి ఆగుతది. ఇది అట్ల లేదు. వేలుతో, నిమ్మలంగ, వదలకుండ ఒత్తినట్టు ఉన్నది.

మహేశ్ మంచం మీద నుంచి లేచిండు. "ఎవరో వచ్చినట్టున్నరు" అని, చీకట్ల తడుముకుంట తలుపు దిక్కు నడిచిండు. నేను ఉరికి ఆయన చొక్కా లేని వీపును రెండు చేతులతో పట్టుకున్న, గుంజిన. మనిషి ఇంచు కూడా ఆగలే.

వాడకట్టులో ఎక్కడా కరెంటు లేదు. బెల్లు మోగుతనే ఉన్నది.